తిరుపతి ఎయిర్ పిస్టల్ నుంచి బ్యాంకాక్ ఫార్టీఫైవ్ దాకా

తిరుపతిలో ఎయిర్ పిస్టల్ ప్రాక్టీస్ చేస్తున్నానని ఎవరికైనా చెబితే రెండు ప్రశ్నలు తప్పవు. లైసెన్స్ ఉందా అనేది మొదటిది. అక్కర్లేదు, పాయింట్ 177 కాలిబర్ (అంటే అంగుళాల్లో గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్స్ అవసరం లేదు. మరి అసలు తుపాకీ ఎప్పుడు పేలుస్తావు అనేది రెండోది. దీనికి మాత్రం నా దగ్గర చాలాకాలం సరైన జవాబు లేదు. మా చిత్తూరు వైపు తుపాకీ మాట వినపడేది రెండే సందర్భాల్లో. అడవి పక్క ఊళ్లలో నాటు తుపాకులు పట్టుబడ్డాయని పేపర్లో వచ్చినప్పుడు, లేదంటే ఎన్నికల ముందు లైసెన్స్ ఉన్నవాళ్లు తమ ఆయుధాలు స్టేషన్లో అప్పగించేటప్పుడు.

పెద్ద కాలిబర్ పిస్టల్ పేల్చాలంటే ఎక్కడికి వెళ్లాలని నేను, మా బావ కలిసి చాలా రోజులు వెతికాం. మన దేశంలో 9 ఎంఎం నిషేధిత బోరు, మామూలు జనానికి దొరకదు. లైసెన్స్ ఉన్నవాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించేది పాయింట్ 32. హైదరాబాద్‌లో గచ్చిబౌలి యూనివర్సిటీ ప్రాంగణంలో మంచి రేంజ్ ఉంది. రాత్రి నారాయణాద్రి ఎక్కితే తెల్లారేసరికి లింగంపల్లిలో దిగొచ్చు. కానీ అది క్రీడాకారుల దారి. క్లబ్బు, మెంబర్‌షిప్, పోటీలు అంటూ ఒక్కో మెట్టు ఎక్కుతూ పోవాలి. వారం సెలవు పెట్టి వెళ్లి చేసుకొచ్చే పని కాదు.

అక్కా బావల పెద్దకొడుకు డాలస్‌లో ఉంటాడు. ‘ఇక్కడికి రండి, ప్రతి వీధిలో రేంజ్ ఉంది’ అన్నాడు. ఆ మాట నిజమే కావచ్చు గానీ, విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు తుపాకీ పట్టుకోవడం మీద అమెరికా ఫెడరల్ చట్టంలో నిషేధం ఉంది. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. చాలామంది తల్లిదండ్రులు ఈ సంగతి తెలియకుండానే కొడుకుతో రేంజ్‌కి వెళ్లి ఫొటోలు పెట్టేస్తుంటారు. పిల్లవాడి ఉద్యోగం, వీసా ఉన్నచోట మనకెందుకొచ్చిన గొడవ అని అది పక్కన పెట్టేశాం. మిగిలింది థాయ్‌లాండ్. విదేశీయులు పాస్‌పోర్ట్ చూపించి, రేంజ్ వాళ్ల తుపాకీతో, వాళ్ల సిబ్బంది పక్కనుండగా పేల్చవచ్చు.

రేణిగుంట నుంచి అక్కడికి నేరుగా విమానం లేదు, చెన్నై పోవాల్సిందే. సప్తగిరి ఎక్కి సెంట్రల్‌లో దిగితే అక్కణ్నుంచి మెట్రో తిన్నగా ఎయిర్‌పోర్టుకే పోతుంది. చవకలో ఇంతకంటే మంచి మార్గం లేదు. మా విమానం అర్ధరాత్రి కావడంతో క్యాబ్ మాట్లాడుకున్నాం. పుత్తూరు, నగరి, తిరుత్తణి దాటేదాకా ప్రయాణం హాయిగానే సాగింది. తిరువళ్లూరు తర్వాత చెన్నై ట్రాఫిక్ మొదలవుతుంది, దానికోసం కనీసం గంటన్నర అదనంగా వేసుకోండి. విమానంలో కూర్చున్నాక మూడున్నర గంటల్లో సువర్ణభూమిలో దిగుతారు. వాచీ గంటన్నర ముందుకు తిప్పుకోవాలి.

బ్యాంకాక్‌లో ప్రతూనామ్ దగ్గర దిగాం. ఎయిర్‌పోర్ట్ రైలెక్కితే రాచప్రరోప్ స్టేషన్, అక్కడి నుంచి నడక దూరం. గది చిన్నది, కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ. అయినా నాకు నచ్చింది. కారణం తిండి. ఆ వీధుల్లో ఇండియన్ హోటళ్లు బోలెడు. మా బావ శనివారం మాంసం ముట్టడు, మిగతా రోజుల్లో కూడా గొడ్డు మాంసం, పంది మాంసం కలిసిన చోట గిన్నె కూడా తాకడు. తిరుపతి నుంచి మోసుకొచ్చిన పప్పుల పొడి డబ్బా ఉన్నా, వేడి అన్నం దొరికితేనే కదా దాని ఉపయోగం. పట్టాయాలో బీచ్‌కి ఎదురుగా తీసుకున్న గది దీనికి రెండింతలు పెద్దది, బ్రేక్‌ఫాస్ట్ కూడా ఉంది. కానీ రాత్రి రెండింటి దాకా కింద నుంచి పాటల హోరు. మర్నాడు పొద్దున్నే రేంజ్‌కి వెళ్లేవాళ్లకు నిద్ర చాలా ముఖ్యం. నిద్ర లేని చెయ్యి వణుకుతుంది. అందుకే షూటింగ్ కోసమే పోయేవాళ్లు ప్రతూనామ్‌లోనే దిగడం మేలు. పట్టాయాకు కావాలంటే ఒక పూట వెళ్లి రావచ్చు, రోడ్డు మీద రెండు గంటల ప్రయాణం.

ఇక రేంజ్‌ల విషయానికొద్దాం.

పట్టాయాలో వెళ్లినది పూర్తిగా టూరిస్టుల రేంజ్. కౌంటర్ దగ్గర హోటల్ మెనూ మాదిరి బోర్డు. తుపాకీ బొమ్మ, పక్కన తూటాల సంఖ్య, ధర. 9 ఎంఎం ఒక ప్యాకేజీ, పాయింట్ 45 ఒకటి, మ్యాగ్నమ్ రివాల్వర్ ఇంకొకటి. పేరు రాసి సంతకం చేయించుకుని, తలకు ఇయర్ మఫ్, కళ్లకు అద్దాలు తగిలించి లేన్లో నిలబెట్టారు. తుపాకీ గొలుసుతో బల్లకు బిగించి ఉంది, భద్రతకు అది మంచిదే. కానీ సిబ్బంది కుర్రాడు వెనక నిలబడి మన చేతుల మీద చేతులు వేసి తనే గురి చూస్తాడు, ‘షూట్, షూట్’ అంటాడు. మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) అయిపోతుంది, ఫొటో తీస్తాడు, తరువాతి వాళ్లు రెడీగా ఉంటారు. ఏం పేల్చామో, తూటా ఎక్కడ తగిలిందో, ఎందుకు అక్కడ తగిలిందో తెలుసుకునే వీల్లేదు. ఫొటో ఒకటే లక్ష్యమైతే ఆ రేంజ్ చాలు. అలవాటు చేసుకోవాలనుకునేవాళ్లకు మాత్రం డబ్బు దండగ. పైగా పెద్ద తుపాకీ అంటే చెవులు పగిలే మోత, భుజం ఊడే తన్ను అనే భయం మరింత పెరుగుతుంది. మా బావ బయటికొచ్చి, ‘ఇంక నా వల్ల కాదు, నేను షాపింగ్ చేసుకుంటా’ అన్నాడు.

బ్యాంకాక్ శివార్లలోది వేరే బాపతు. ముందే మెసేజ్ పెట్టి, ఇద్దరికి ఒక శిక్షకుడు కావాలి, పాయింట్ 22తో మొదలుపెట్టి పాయింట్ 45 దాకా పోవాలి, తూటాలు విడివిడిగా కొనుక్కుంటామని అడిగాం. సరేనన్నారు. వారం మధ్యలో, పొద్దున స్లాట్ ఇచ్చారు. శిక్షకుడు మాజీ సైనికుడు, నడివయసు మనిషి. ఇంగ్లీషు తక్కువే అయినా చేతులతో అంతా చెప్పగలడు. ముందు చెవిలో ఫోమ్ ప్లగ్గులు పెట్టించి, వాటి మీద మఫ్ తొడిగించాడు. ఇది చిన్న విషయం కాదు. ఇండోర్ రేంజ్‌లో పిస్టల్ మోత 150 డెసిబెల్స్ దాటుతుంది, 140 దాటిన ఒక్క పేలుడు చాలు చెవి దెబ్బతినడానికి. పట్టాయాలో మఫ్ ఒక్కటే ఇచ్చారు. ఆ మోత సగం తగ్గగానే బావ ముఖంలో టెన్షన్ కూడా సగం తగ్గింది.

ఖాళీ పిస్టల్‌తో చాలాసేపు డ్రై ప్రాక్టీస్ చేయించాడు. ఇక్కడ నా ఎయిర్ పిస్టల్ అలవాట్లు కొన్ని పనికొచ్చాయి, కొన్ని అడ్డుపడ్డాయి. ముందు సైటు మీద చూపు నిలపడం, ట్రిగ్గర్‌ను మెల్లగా నేరుగా వెనక్కి లాగడం, పేలాక కూడా ఒక క్షణం అలాగే ఉండటం, ఇవన్నీ మా తిరుపతి సార్ నేర్పినవే. అడ్డుపడింది పట్టు. ఎయిర్ పిస్టల్‌ను ఒక్క చేత్తో, అరచేతికి సరిపడా చెక్కిన పిడితో, గట్టిగా నొక్కకుండా పట్టుకుంటాం. ట్రిగ్గర్ లాగడానికి 500 గ్రాముల బరువంత బలం చాలు, ఊదితే పడుతుందన్నట్టు ఉంటుంది. మేం పాయింట్ 45 పేల్చిన 1911 మోడల్ పిస్టల్ మాత్రం ఉక్కు ముద్ద, ఖాళీగానే కిలోకు పైన బరువు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ పిస్టల్‌ను అమెరికా సైన్యం 1911లో తీసుకుని 1985లో బెరెట్టా పిస్టల్ వచ్చేదాకా వాడింది. రెండు చేతులతో పట్టాలి, ఎడమ అరచెయ్యి కుడి చేతి వేళ్లను చుట్టి బిగించాలి, రెండు బొటనవేళ్లూ ముందుకు చూడాలి. బొటనవేలు స్లైడ్ (పేలగానే వెనక్కి జారే పై భాగం) వెనక పడితే, స్లైడ్ వెనక్కి వచ్చేటప్పుడు చర్మం చీరేస్తుంది. మణికట్టు వదులుగా ఉంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోక ఖాళీ తూటా గొట్టం మధ్యలో నిలువుగా ఇరుక్కుంటుంది. పట్టు సరిపోకపోతే తుపాకీయే ఆగిపోయి చెబుతుందన్నమాట.

పాయింట్ 22 తర్వాత 9 ఎంఎం, ఆ తర్వాత ఫార్టీఫైవ్, అంటే పాయింట్ 45. ఇక్కడ నేను ఊహించనిది ఒకటి తెలిసింది. ఫార్టీఫైవ్ తూటా దాదాపు 15 గ్రాములు, 9 ఎంఎం తూటా దానిలో సగమే. కానీ ఫార్టీఫైవ్ వేగం సెకనుకు 255 మీటర్లు, 9 ఎంఎం 350 దాకా. అందుకని 9 ఎంఎం చురుక్కుమని ఎగరేస్తుంది, ఫార్టీఫైవ్ బరువుగా, మెల్లగా వెనక్కి నెడుతుంది. బరువైన ఉక్కు తుపాకీ ఆ తన్నులో కొంత తనే మింగేస్తుంది. మొదటి తూటా వెళ్లాక నేను శిక్షకుడి వైపు తిరిగి ‘ఇంతేనా’ అన్నట్టు చూశాను. నవ్వి, వేలితో మళ్లీ టార్గెట్ వైపు చూపించాడు.

అసలు కథ బావది. ఏడు మీటర్ల దూరంలో కాగితం, అన్ని తూటాలూ కింద ఎడమ వైపే. కుడిచేతి వాటం వాళ్లు మోతకు, తన్నుకు ముందే భయపడి తుపాకీ మూతిని కిందికి తోస్తే జరిగేది ఇదే. శిక్షకుడు ఏమీ అనలేదు. మ్యాగజైన్ తీసుకుని వెనక్కి తిరిగి నింపి ఇచ్చాడు, అసలు తూటాల మధ్య కొన్ని డమ్మీలు కలిపి. ఒకటి పేలింది. రెండోసారి ట్రిగ్గర్ లాగితే టక్ మన్న శబ్దం మాత్రమే వచ్చింది, కానీ తుపాకీ మూతి మాత్రం అంగుళం కిందికి దిగిపోయింది. ఏమీ పేలకుండానే! బావ దాన్ని కళ్లారా చూసి, ‘నేనా చేసింది?’ అన్నాడు. ఆ తర్వాత ఏది డమ్మీనో ఏది నిజమో తెలియనప్పుడు చెయ్యి దానంతట అదే నెమ్మదించింది. మూతి దిగడం తగ్గేకొద్దీ గుంతలు మధ్యకు జరుగుతూ వచ్చాయి. ఈ డ్రిల్‌ను ప్రతి రేంజ్‌లోనూ చేయించమని అడగొచ్చు, పైసా అదనపు ఖర్చు లేదు.

శిక్షకుడు ఫార్టీఫైవ్‌ను ఒకేసారి ఎక్కువ పేల్చనివ్వలేదు. ఒక మ్యాగజైన్, అంటే ఏడు తూటాలు, మళ్లీ పాయింట్ 22కి వెనక్కి. అరచెయ్యి, బొటనవేలి మధ్య చర్మం ఎర్రబడి చెయ్యి అలసిపోయాక పేల్చేవన్నీ కొత్త దురలవాట్లే అని అతని లెక్క. ఖర్చుకు కూడా ఈ పద్ధతే నయం, ఎందుకంటే ఫార్టీఫైవ్ తూటా ఒక్కొక్కటి పాయింట్ 22 కంటే చాలా ఖరీదు.

సౌకర్యాల సంగతి కూడా చెప్పాలి. పట్టాయా రేంజ్‌లో ఏసీ, కాఫీ, మెరిసే కౌంటర్. బ్యాంకాక్ శివారు రేంజ్‌లో ఫ్యానులు, ప్లాస్టిక్ కుర్చీలు, టాయిలెట్ అంతంతమాత్రం. కానీ లేన్ల దగ్గర పొగ నిలవకుండా గాలి లాగే ఏర్పాటు గట్టిగా ఉంది. సీసం పొగ పీల్చే చోట నాకు కావాల్సింది కాఫీ కాదు, అది. బయటికి రాగానే సబ్బుతో చేతులు కడిగించే అలవాటు కూడా వాళ్లకుంది. కడగకుండా బావ పొడి అన్నం కలుపుకోబోతే సిబ్బంది అమ్మాయే ఆపింది. రేంజ్‌కి వెళ్లేవాళ్లు మెడ మూసుకునే కాలర్ చొక్కా, టోపీ వేసుకోండి. పక్క లేన్ నుంచి ఎగిరొచ్చే ఖాళీ గొట్టాలు కాలుతుంటాయి. అది చొక్కాలో పడిందని గంతులేస్తే చేతిలోని తుపాకీ ఎటు తిరుగుతుందో ఆలోచించండి.

తిరుగు ప్రయాణంలో ఒక్క జాగ్రత్త. జ్ఞాపకంగా ఖాళీ గొట్టం కూడా తేవద్దు. జేబులు, బ్యాగు అడుగు రెండుసార్లు దులుపుకోండి. ఎయిర్‌పోర్టు స్కానర్‌లో నిజమైన తూటా ఒక్కటి కనిపించినా ఆయుధాల చట్టం కింద కేసే, ఖాళీదైనా గంటల తరబడి సమాధానం చెప్పుకోవాలి. కాగితం టార్గెట్ మడిచి తెచ్చుకోవచ్చు, దానికి ఎవరూ ఏమీ అనరు. ఇంకోటి, ఎయిర్ పిస్టల్ ఉన్నవాళ్లకు: అది డిక్కీలో ఉండగా కొండకు బయలుదేరొద్దు. అలిపిరి తనిఖీలో దాన్ని బొమ్మ అనరు, క్రీడా వస్తువు అని వినరు.

తిరిగొచ్చాక ఎయిర్ పిస్టల్ పట్టుకుంటే చెయ్యి కొత్తగా అనిపించింది. పిడిని పిసికేస్తున్నానని సార్ కసిరారు. పది మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల గుండ్రం 11.5 మిల్లీమీటర్లే, ఆ పిసుకుడుకు స్కోరు గల్లంతు. పారిస్‌లో మను భాకర్ 25 మీటర్ల పోటీలో వాడింది కూడా పాయింట్ 22 పిస్టలే, మరిచిపోయావా అన్నారు.

బావ మాత్రం వచ్చే వేసవికి చిన్నకొడుకుని కూడా తీసుకెళ్దామంటున్నాడు. పిల్లలకు ఏ వయసు నుంచి అనుమతిస్తారో ఆ బ్యాంకాక్ రేంజ్‌కి నిన్నే మెసేజ్ పెట్టాను, జవాబు రావాలి.