బస్తీ దవాఖాన: ఉచితమే, కానీ అడగాల్సినవి అడగాలి

బీపీ, షుగరు, థైరాయిడ్ లాంటి నెలనెలా మందులు వాడే జబ్బులకు హైదరాబాదులో ప్రభుత్వం బస్తీల్లో నడిపే చిన్న క్లినిక్కు, అంటే బస్తీ దవాఖానను మించిన చోటు లేదు. డాక్టరు చూడటం, రక్తపరీక్షలు, మందులు అన్నీ ఉచితం. ఢిల్లీ మొహల్లా క్లినిక్కుల తరహాలో 2018లో ఇవి మొదలయ్యాయి. సిబ్బంది ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకులు, అంతే. చాలాచోట్ల కమ్యూనిటీ హాల్లోనే నడుస్తాయి.

పైసా తీసుకోరు కదా అని జనం ఇక్కడ ఏమీ అడగరు. ఇచ్చిన గోలీలు పట్టుకుని వెళ్లిపోతారు. ఈ సేవలో అందాల్సినంత అందకపోవడానికి ఇదే పెద్ద కారణం. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో 17 హక్కులతో రోగుల హక్కుల పత్రం తయారు చేసింది. ఆ హక్కులు ఫీజు కట్టిన వాళ్లకే అని అందులో ఎక్కడా లేదు.

అన్నిటికన్నా బాగున్నది రక్తపరీక్షల ఏర్పాటు. రక్తం దవాఖానలో తీస్తారు, పరీక్ష ప్రభుత్వానిదే అయిన తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబులో చేస్తారు, రిపోర్టు ఫోనుకు వస్తుంది. థైరాయిడ్, లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) కలిపి బయట చేయిస్తే వెయ్యి రూపాయల మాట. అయితే రక్తం ల్యాబుకు చేరడానికి టైము పడుతుంది కాబట్టి పొరపాట్లకు అవకాశం ఎక్కువ. ట్యూబులో ఉన్న రక్తకణాలు షుగరును వాడుకుంటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. అందుకే షుగరుకు ఫ్లోరైడ్ ఉన్న బూడిద రంగు మూత ట్యూబు వాడతారు. రక్తకణాలు లెక్కపెట్టే సీబీపీ పరీక్షకు ఊదా రంగు మూత ట్యూబు. రక్తం తీశాక దాన్ని మెల్లగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేయాలి, లేకపోతే గడ్డకట్టి ల్యాబువాళ్లు తిప్పి పంపుతారు. కుర్చీలోంచి లేచేలోపు ట్యూబు మీద అంటించిన చీటీలో పేరు, వయసు తనవేనా అని చూసుకోవడానికి ఎవరూ మొహమాటపడక్కర్లేదు. అది మీ రక్తం.

మన వైపు నుంచి చేయాల్సినవీ ఉన్నాయి. పరగడుపు షుగరుకు కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్లు తాగొచ్చు, చాయ్ మాత్రం వద్దు. ‘సగం కప్పే కదా’ అని తాగి చెప్పకుండా రక్తం ఇస్తే, ఎక్కువ వచ్చిన ఆ అంకె చూసి డాక్టరు డోసు పెంచుతారు. హెచ్‌బీఏ1సీకి, థైరాయిడ్‌కు పరగడుపు అక్కర్లేదు. ఇంకొకటి, ఫోను నంబరు. ఇంట్లో ఎవరిదో పాత నంబరు రాయిస్తే రిపోర్టు అటే పోతుంది. పక్కింటివాళ్ల నంబరు ఇస్తే మీ జబ్బు సంగతి వాళ్లకూ తెలుస్తుంది.

బీపీ చూసేచోట తొందర ఎక్కువ. లైను పొడుగ్గా ఉంటే, నడిచొచ్చిన మనిషికి నడిచొచ్చినట్టే చొక్కా చేతి మీద పట్టీ చుట్టేస్తారు. అయిదు నిమిషాలు కూర్చోవాలి, వీపు ఆనాలి, పాదాలు నేలకు తగలాలి, చేయి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి, పట్టీ చర్మం మీదే చుట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ వేస్తే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అంకె 140/90 దాటితే ‘ఇంకోసారి చూడండమ్మా’ అని అడగండి. రెండు అంకెలూ చీటీ మీద రాయించుకోండి.

మందుల దగ్గర పెద్ద ప్రమాదం ఒకటుంది. ప్రైవేటు డాక్టరు రాసిన షుగరు గోలీ ఒక కంపెనీ పేరుతో ఇంట్లో ఉంటుంది. ఇక్కడ ఇచ్చింది వేరే స్ట్రిప్పు. రెండింట్లో ఉన్నది గ్లిమెపిరైడ్ అనే ఒకే మందని తెలియక రెండూ వేసుకుంటే షుగరు పడిపోయి, చెమటలు పట్టి, మనిషి స్పృహ తప్పుతాడు. కాబట్టి చీటీతోపాటు ఇంట్లో వాడుతున్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లాలి. ఆయుర్వేదం, హోమియో వాడుతున్నా చెప్పాలి. స్ట్రిప్పు కత్తిరించి ఇస్తే గడువు తేదీ ఉన్న ముక్క ఇంకొకరికి వెళ్లుండొచ్చు, అడిగి చూసుకోండి. మందు స్టాకు లేకపోతే కంపెనీ పేరు కాకుండా అసలు మందు పేరు, ఎన్ని ఎంజీ అనేది రాయించుకోండి. జనఔషధి షాపులో తక్కువకు దొరుకుతుంది. ఇక జలుబుకు సూది వేయమనీ, యాంటీబయాటిక్ రాయమనీ పట్టుపట్టడం హక్కు కిందికి రాదు. డాక్టరు వద్దంటే వినాలి.

మార్కులు తగ్గించాల్సింది గోప్యత దగ్గర. డాక్టరు ముందు ఒకరు కూర్చుంటే, వెనక నలుగురు నిలబడి వింటుంటారు. తెల్లబట్ట అవుతోందని ఆడమనిషి అక్కడెలా చెబుతుంది? ఒక్క కర్టెనుతో పోయే సమస్య ఇది. అది లేనిచోట ‘వీళ్లను బయట ఉండమనండి’ అని అడగవచ్చు. మగ డాక్టరు పరీక్ష చేసేటప్పుడు నర్సుగానీ తోడొచ్చిన ఆడమనిషిగానీ పక్కన ఉండాలని కోరడం రోగి హక్కు.

గుండెనొప్పికి, మూతి వంకర పోయి మాట తడబడితే బస్తీ దవాఖానకు రావద్దు. ఇక్కడ పడకలు లేవు. 108కి ఫోను చేయండి. తెలియక వచ్చేసినా ప్రథమ చికిత్స చేయకుండా పంపకూడదు. 1989లో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. ఉస్మానియా, గాంధీ లాంటి పెద్దాసుపత్రికి పంపేటప్పుడు ‘అక్కడికెళ్లండి’ అని నోటిమాటగా కాకుండా, ఏం కనిపించింది, ఏ మందు ఇచ్చారు, ఎన్ని గంటలకు ఇచ్చారు అన్నది కాగితం మీద రాయించుకోవాలి. ఆ కాగితం లేకపోతే అక్కడ మళ్లీ మొదటి నుంచీ మొదలవుతుంది.

ఫిర్యాదు ఉంటే తేదీ, టైము వేసి కాగితం మీద రాసి ఇవ్వండి, నంబరు తీసుకోండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రావాలని హక్కుల పత్రం చెబుతోంది. రాకపోతే సోమవారం కలెక్టరేట్లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంది. స్టాకు లేదని నర్సు మీద అరిస్తే మందు రాదు, ఆ స్టాకు తెప్పించే అధికారం ఆమెది కాదు. చేయి చేసుకుంటే, వైద్య సిబ్బంది మీద దాడులను ఆపడానికి తెచ్చిన 2008 చట్టం కింద మూడేళ్ల దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా.