రెరా నంబరు ఉంది సరే, తర్వాత? తిరుపతి నుంచి మహానగరాల్లో ఫ్లాటు కొనేవాళ్ల కోసం మూడు సైట్ల సమీక్ష

తిరుపతిలో ఎక్కడైనా ప్రాపర్టీ షో పెడితే బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ బ్రోచర్లు చేతినిండా వస్తాయి. పిల్లల ఉద్యోగాలు అక్కడే కాబట్టి కొనాలన్న ఆలోచన రావడం సహజం. చిక్కల్లా దూరంతోనే. ఇక్కడ అవిలాలలోనో పేరూరులోనో స్థలం చూస్తే సాయంత్రం బండి మీద వెళ్లి హద్దురాళ్లు చూసుకుంటాం, చుట్టుపక్కల నలుగురినీ అడుగుతాం. 250 కిలోమీటర్ల అవతల ఉన్న ఫ్లాటుకు ఆ వీలు లేదు. ఆ లోటును కొంతవరకు తీర్చేవి కర్ణాటక, తెలంగాణ, తమిళనాడు రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ సంస్థ) సైట్లు. ఇంట్లో కూర్చుని ఎవరైనా చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: అడ్వాన్సు ఇవ్వకముందు వీటిని మించిన సాధనం లేదు. కానీ వీటిని చూసి అక్కడితో ఆగిపోతే మాత్రం దెబ్బతింటారు.

మొదట రెరా నంబరు సంగతి. బ్రోచరు అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఆ నంబరును చాలామంది ఉందా లేదా అని మాత్రమే చూస్తారు. దాన్ని చదవడం నేర్చుకోవాలి. కర్ణాటక ప్రాజెక్టు నంబరు 'పీఆర్ఎం/కేఏ/రెరా' అని మొదలవుతుంది, మధ్యలో 'పీఆర్' అని ఉంటుంది. అదే చోట 'ఏజీ' అని ఉంటే అది ఏజెంటు నంబరు, ప్రాజెక్టుది కాదు. 'ఏసీకే' అని మొదలైతే బిల్డరు దరఖాస్తు పెట్టుకున్నాడని మాత్రమే అర్థం, రిజిస్ట్రేషన్ ఇంకా రాలేదు. తెలంగాణలో ప్రాజెక్టు నంబరు 'పీ'తో, ఏజెంటుది 'ఏ'తో మొదలవుతాయి. తమిళనాడు నంబరును బట్టే అది భవనానిదా, లేఅవుటుదా (ఇళ్ల స్థలాలదా) అన్నది తెలుస్తుంది. ఫ్లాటు అమ్ముతూ లేఅవుట్ నంబరు చూపిస్తే అక్కడే ఆపి అడగాలి.

ఇంకొకటి. చట్టం ప్రకారం ప్రాజెక్టును దశలవారీగా కడితే ప్రతి దశకూ విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆరు టవర్లున్న ప్రాజెక్టులో మొదటి రెండింటి నంబరును బ్రోచర్లో వేసి, అయిదో టవర్లో ఫ్లాటు చూపించడానికి వీలుంది. కాబట్టి సైట్లో ప్రాజెక్టు పేరు కనబడగానే తృప్తిపడకుండా మీ టవరు, మీ ఫ్లాటు నంబరు ఆ రిజిస్ట్రేషన్ కిందే ఉన్నాయో లేదో చూసుకోవాలి. తిరుపతిలో ఉండి బెంగళూరు ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటుకు కర్ణాటక రెరాలోనే రిజిస్ట్రేషన్ ఉండాలి. మన రాష్ట్రపు నంబరు అక్కడ చెల్లదు.

నంబరు సరిపోయాక అసలు పని మొదలవుతుంది. పూర్తి చేస్తామని బిల్డరు రాసిచ్చిన తేదీని కాగితం మీద రాసుకోండి. గడువు పొడిగించుకున్నారా, ఎన్నిసార్లు అన్నది కూడా చూడండి. అగ్రిమెంటు ముసాయిదాలో అప్పగింత తేదీ ఇంతకన్నా ఆలస్యంగా ఉంటే ఎందుకని అడగాలి. బిల్డరు మూడు నెలలకోసారి బుకింగులు, పని ఎంతవరకు వచ్చిందన్నది సైట్లో అప్‌డేట్ చేయాలి. ఏడాదిగా ఆ వివరాలు కదలకపోతే సైటు దగ్గర పని కూడా కదలడం లేదేమో వెళ్లి చూడాల్సిందే. గుర్తుంచుకోవలసింది, పని ఎంతవరకు వచ్చిందన్న ఈ వివరాలు బిల్డరు స్వయంగా పెట్టినవే. తాపీమేస్త్రీలు ఎన్నో అంతస్తులో ఉన్నారో అధికారి ఎవరూ వచ్చి లెక్కపెట్టి రాసింది కాదు.

కార్పెట్ ఏరియా పట్టికను మాత్రం తీరిగ్గా చూడాలి. ఈ సైట్ల అసలు విలువ అక్కడే ఉందని మా నమ్మకం. రెరా లెక్కలో కార్పెట్ ఏరియా అంటే లోపల వాడుకోగలిగే నేల. గదుల మధ్య గోడలు ఇందులో కలుస్తాయి. బయటి గోడలు, షాఫ్టులు (పైపులు, తీగలు వెళ్లే ఖాళీలు), బాల్కనీ కలవవు. బ్రోచర్లో మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి జాగాలన్నీ కలిపి 1,500 చదరపు అడుగులు, అడుగు రూ.6,500 అని ఉందనుకుందాం. మొత్తం రూ.97.5 లక్షలు. సైట్లో ఆ ఫ్లాటు కార్పెట్ 1,050 అడుగులుంటే మీరు నిజంగా పెడుతున్నది అడుగుకు సుమారు రూ.9,286. పక్క ప్రాజెక్టువాళ్లు అడుగు రూ.6,900 అన్నా, అదే 1,500కి కార్పెట్ 1,140 ఇస్తే అడుగు రూ.9,079 పడుతుంది. పైకి ఖరీదుగా కనిపించిందే చవక. మూడు నగరాల ఫ్లాట్లను పోల్చాలంటే ఈ ఒక్క లెక్క చాలు.

దీంతోపాటు యూడీఎస్, అంటే ఫ్లాటుతో వచ్చే నేల వాటా, ఎంతో అడగండి. పాతికేళ్ల తర్వాత విలువ నిలిచేది నేలకే. మనకు అంకణాల్లో చెబితేనే మనసుకు ఎక్కుతుంది కనుక అలాగే మార్చుకోండి: తిరుపతి అంకణం 36 చదరపు అడుగులు, ఎకరానికి 1,210 అంకణాలు. చెన్నైవాళ్లు గ్రౌండ్ అంటారు. 2,400 అడుగులు, అంటే మన లెక్కలో దాదాపు 67 అంకణాలు. రూ.97.5 లక్షల ఫ్లాటుకు 540 అడుగుల యూడీఎస్ వస్తే చేతికొచ్చే నేల 15 అంకణాలు. ఆ సంఖ్య సేల్ డీడులో తప్పనిసరిగా ఉండాలి.

ఇక ఈ సైట్లు చూసి తేల్చుకోలేనివి. భూమి ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, తాకట్టులో ఉందా అన్నది ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితాలో, చూసుకోవాలి. తమిళనాడులో 1975 నుంచి, తెలంగాణలో 1983 నుంచి, కర్ణాటకలో కావేరి పోర్టల్‌లో 2004 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి. ఈసీలో కూడా రిజిస్టరైన లావాదేవీలే వస్తాయి. నోటరీ కాగితాల మీద జరిగిన అమ్మకం రాదు, కోర్టులో నడుస్తున్న దావా రాదు, డాక్యుమెంట్లు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు కొన్నిసార్లు రాదు. ఈ చివరిదానికి సెర్సాయ్ (బ్యాంకు తాకట్టులు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ) సైట్లో చిన్న ఫీజుతో వెతకొచ్చు. లింకు డాక్యుమెంట్లు (ఆ ఆస్తి పాత దస్తావేజులు) మాత్రం ఆ ఊరి లాయరుకే చూపించండి. ఇక్కడి లాయరు ఎంత అనుభవజ్ఞుడైనా బెంగళూరు ఖాతా (కార్పొరేషన్ ఆస్తిపన్ను రికార్డు) కాగితాల తిరకాసు అక్కడివాళ్లకు తెలిసినట్టు తెలియదు.

నగరానికో మెలిక ఉంది. బెంగళూరులో ఈ-ఖాతా (ఆ రికార్డు డిజిటల్ రూపం) లేకుండా రిజిస్ట్రేషన్ జరగదు. బీ-ఖాతా ఆస్తి (అనుమతులు సరిగా లేనిది) చవగ్గా వస్తుంది గానీ లోను దగ్గర, మళ్లీ అమ్మే దగ్గర ఇరుక్కుంటుంది. హైదరాబాద్‌లో చెరువు ఎఫ్‌టీఎల్ (నిండితే నీరు చేరే హద్దు), దాని చుట్టూ వదలాల్సిన బఫర్ హద్దులు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ మ్యాపుల్లో చూసుకోవాలి. 2024లో చెరువు ఆక్రమణలను కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. అక్కడే ఇంకో సంగతి: ప్లాన్ అనుమతి ఇచ్చేటప్పుడు కట్టే విస్తీర్ణంలో 10 శాతం మున్సిపాలిటీ పేరిట మార్టిగేజ్ చేయించుకుంటారు. ఓసీ (భవనం నివాసానికి సిద్ధమన్న సర్టిఫికెట్) వచ్చాకే విడుదల చేస్తారు. ఆ 10 శాతంలో పడిన ఫ్లాటును మీకు అంటగడితే ఓసీ దాకా రిజిస్ట్రేషన్ కాదు. మార్టిగేజ్ డీడులో ఫ్లాటు నంబర్లు ఉంటాయి, ఈసీలో ఆ డీడు కనబడుతుంది. ఒక్క పూట పని, తప్పించుకోవద్దు. రెరా నంబరు రాకముందే 'ప్రీ లాంచ్' అని, యూడీఎస్ రాసిస్తామని సగం ధరకు అమ్మేవాళ్ల జోలికి మాత్రం పోకండి. అక్కడ మునిగిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి.

డబ్బు విషయంలో చట్టం కొనేవాళ్ల పక్షాన గట్టిగానే ఉంది. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనేవాళ్ల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టుకే కేటాయించిన ఖాతాలో ఉండాలి. చెక్కు ఎవరి పేరున రాయమంటున్నారో అగ్రిమెంటులోని ఖాతాతో సరిచూడండి. వేరే కంపెనీ పేరు చెబితే రాయకండి. కడుతున్న ఫ్లాటుకు మామూలుగా 5 శాతం జీఎస్టీ, ఓసీ వచ్చిన దానికి లేదు. రూ.50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్‌ను (ముందే పట్టుకునే పన్ను) బిల్డరుకిచ్చే సొమ్ములోంచి మినహాయించి కొనేవాళ్లే కట్టాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు తెలంగాణలో 7.5 శాతం. పెట్టుబడి కోసమే కొంటుంటే ఈ ఖర్చులన్నీ తిరిగొచ్చాకే లాభం మొదలైనట్టు లెక్క. నెలకు రూ.25,000 అద్దె వచ్చే కోటి రూపాయల ఫ్లాటు ఏడాదికి ఇచ్చేది 3 శాతమే, ఖాళీగా ఉన్న నెలలు తీసేస్తే ఇంకా తక్కువ. లోను వడ్డీ పక్కన పెట్టి చూడండి.

అప్పగింత ఆలస్యమైతే వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడిగే హక్కు ఉంది. అప్పగించిన అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో సొంత ఖర్చుతో బిల్డరే బాగుచేయాలి. ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. అయితే ఆర్డరు వచ్చినా బిల్డరు కట్టకపోతే భూమిశిస్తు బకాయిలాగా కలెక్టరు ద్వారా వసూలు చేయించాలి, అక్కడ ఆలస్యాలు తప్పవు. అందుకే ఫిర్యాదు దాకా వెళ్లకుండా ముందే చూసుకోవడం మీద ఇంతగా పట్టుబడుతున్నాం.

ఇవన్నీ చదివి, అయితే తిరుపతిలోనే కొందామనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. 500 చదరపు మీటర్లకు మించని స్థలంలో కట్టినా, ఎనిమిది ఫ్లాట్లకు మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే మనకు దాదాపు 150 అంకణాలు. మన సందుల్లో లేచే చిన్న అపార్ట్‌మెంట్లలో ఇలాంటివే ఎక్కువ. వాటి గురించి ఏపీ రెరా సైట్లో ఏమీ దొరకదు. అక్కడ మీరే చూసుకోవాలి: సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందా, దేవస్థానం భూమా, హథీరాంజీ మఠం భూమా, కార్పొరేషన్ ఇచ్చిన ప్లానులో ఎన్ని అంతస్తులు, కట్టింది ఎన్ని. ప్లానులో లేని అయిదో అంతస్తు ఫ్లాటును తక్కువ ధరకు ఇస్తామంటే, ప్లాను కాపీ తెప్పించుకుని అంతస్తులు లెక్కపెట్టేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.