చిన్న కౌంటీ మీడియన్ ఆదాయం: ఏసీఎస్ మేలా, ఎస్‌ఏఐపీఈ మేలా?

అమెరికాలో ఒక పల్లె కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఇంటి మీడియన్ ఆదాయం, అంటే ఇళ్లన్నిటినీ ఆదాయం వరసలో పెడితే సరిగ్గా నడిమి ఇంటికి వచ్చేది, ఇరవయ్యేళ్లలో పెరిగిందా, తగ్గిందా? దీనికి అక్కడి జనగణన సంస్థ సెన్సస్ బ్యూరో దగ్గరే రెండు లెక్కలున్నాయి. ఒకటి అమెరికన్ కమ్యూనిటీ సర్వే, అంటే ఏసీఎస్. రెండోది స్మాల్ ఏరియా ఇన్‌కమ్ అండ్ పావర్టీ ఎస్టిమేట్స్, పొట్టిగా ఎస్‌ఏఐపీఈ. ఏటేటా మార్పు చూడాలంటే ఎస్‌ఏఐపీఈ మేలు. కౌంటీ లోపల ఎవరికెంత వస్తోందో చూడాలంటే ఏసీఎస్‌కే వెళ్లాలి. రెండింటి అంకెలనూ కలిపి గ్రాఫ్‌లో ఒకే గీత గీస్తే మాత్రం అది తప్పుల తడకే.

ఏసీఎస్ నేరుగా ఇళ్లను అడిగి రాబట్టిన అంకె. ఏటా దేశమంతా కలిపి సుమారు 35 లక్షల చిరునామాలకు వెళ్తుంది. జనాభా 65,000 దాటిన చోట్లకే ఒక్క ఏడాది అంకెలు పూర్తిగా ఇస్తారు. చిన్న పల్లె కౌంటీలకు దక్కేది అయిదేళ్ల జవాబులు కలగలిపిన అంకె మాత్రమే. మొదటిది 2005–2009ది. దాన్ని 2009 ఆదాయం అనుకోవడం అందరూ చేసే పొరపాటు. అది అయిదేళ్ల మొత్తానికి సంబంధించిన అంకె, చివరి ఏడాది డాలర్లలో, అంటే ఆ ఏటి ధరల లెక్కలోకి మార్చి చెప్పింది. గ్రాఫ్‌లో పెట్టాల్సి వస్తే 2007 దగ్గర పెట్టండి.

2009–2013 అంకెను 2010–2014తో పోల్చడం దండగ. నాలుగేళ్ల జవాబులు రెండింట్లోనూ అవే. పోలిక 2009–2013కీ 2014–2018కీ మధ్య ఉండాలి. రెండూ 2018 డాలర్లలోకి మార్చాక మొదటిది 41,200, మార్జిన్ (అంకె అటూ ఇటూ ఎంత తప్పి ఉండొచ్చో చెప్పేది) 4,100. రెండోది 46,900, మార్జిన్ 5,300 అనుకుందాం. తేడా 5,700. మార్జిన్లు రెండింటినీ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే సుమారు 6,700. తేడా దానికంటే తక్కువ, కాబట్టి 90 శాతం నమ్మకంతో ఆదాయం పెరిగిందనడానికి వీల్లేదు. చిన్న కౌంటీల్లో చాలాసార్లు ఇంతే అవుతుంది. టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలో 2020 జనగణన నాటికి ఉన్నది 64 మంది. అలాంటి చోట రెండు మూడు ఇళ్ల జవాబులు ఆ అయిదేళ్ల లెక్కలోకి వచ్చినా, బయటికి పోయినా మీడియన్ ఊగిపోతుంది.

ఎస్‌ఏఐపీఈ ఈ ఊపును అణచడానికి పుట్టిన లెక్క. సర్వే అంకె ఒకవైపు, ఆదాయపు పన్ను రిటర్నుల వంటి ప్రభుత్వ రికార్డుల నుంచి మోడల్ కట్టిన అంచనా మరోవైపు పెట్టి, రెండింటినీ తూచి కలుపుతారు. సర్వే శాంపిల్ ఎంత పలచగా ఉంటే మోడల్ వైపు అంత మొగ్గు. అందుకే గీత నున్నగా వస్తుంది, ప్రతి ఏడాదికీ అంకె ఉంటుంది. లోపం కూడా అక్కడే ఉంది. రిటర్ను వేయని ఇళ్లు ఎక్కువున్న కౌంటీలో పన్ను రికార్డు చెప్పగలిగేది తక్కువ. పైగా ఆదాయం విషయంలో మోడల్ మీడియన్ ఒక్కటే ఇస్తుంది. వయసు, జాతి, అద్దె ఇల్లా సొంత ఇల్లా అన్న విడదీత ఏదీ ఉండదు.

ఎస్‌ఏఐపీఈ గీతలో పెద్ద గండి 2005. అంతకు ముందు అది ఆధారపడిన సర్వే కరెంట్ పాపులేషన్ సర్వే అనే వేరే సర్వే, ఆ ఏడాది నుంచి ఏసీఎస్. 2004 నుంచి 2005కి కనిపించే మార్పులో కౌంటీ ఎంత, సర్వే మార్పు ఎంత అన్నది విడదీయలేం. అక్కడ గీత తెంచి చూపించండి.

ఎస్‌ఏఐపీఈ అంకెలు ఏ ఏటివి ఆ ఏటి డాలర్లలో ఉంటాయి. 2010లో 40,000, 2023లో 54,000 అని ఉంటే 35 శాతం పెరిగిందని సంబరపడతాం. వినియోగ ధరల సూచీ ఈలోగా 218.1 నుంచి 304.7కి చేరింది. అంటే 2010 నాటి 40,000కి 2023లో సమానం దాదాపు 55,900. ఆ కౌంటీ వెనక్కి పోయింది.

తలసరి ఆదాయంతో పని కానిద్దామనుకునేవాళ్లూ ఉన్నారు, ఎందుకంటే కౌంటీల తలసరి అంకెలు 1969 నుంచి దొరుకుతాయి. కానీ అది సగటు. రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయం చూసి అక్కడి నడిమి ఇంటి సంపాదన చెప్పలేనట్టే ఇదీను. మక్కజొన్న ధర ఎగిరిన ఏడాది నాలుగు పెద్ద కమతాల లాభమే కౌంటీ మొత్తాన్ని పైకి లేపేస్తుంది.

ఏసీఎస్‌లో అన్ని ఇళ్ల మీడియన్ ఆదాయం ఉండే బి19013 పట్టికే తీసుకోండి. బి19113 కుటుంబాలది; ఒంటరిగా బతికే ముసలమ్మ అందులో ఉండదు. ముసలివాళ్లే మిగిలిన పల్లె కౌంటీలో ఈ తేడా వేల డాలర్లలో ఉంటుంది.

వేర్వేరు ఏళ్ల ఫైళ్లు కలిపే ముందు కౌంటీ కోడ్లు, అంటే ఒక్కో కౌంటీకి ఇచ్చిన గుర్తింపు అంకెలు, సరిచూసుకోండి. సౌత్ డకోటాలోని షానన్ కౌంటీ 2015లో ఓగ్లాలా లకోటా అయింది, కోడ్ 46113 పోయి 46102 వచ్చింది. ఇది పట్టించుకోకపోతే ఆ కౌంటీ గీత మధ్యలో ఆగిపోతుంది, ప్రోగ్రామ్ ఏ తప్పూ చూపించదు.