నివోమాట్ వెనక షాక్ అబ్జార్బర్లు: లెవల్ పడుతోందో లేదో ఎలా తేల్చాలి

వెనక సీట్లో ముగ్గురు కూర్చుని, డిక్కీ నిండా సామాను పెడితే ఏ కారైనా వెనక్కి కుంగుతుంది. ముక్కు పైకి లేస్తుంది, హెడ్‌లైట్ల వెలుగు ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది, గుంత వచ్చినప్పుడల్లా వెనకనుంచి ధడ్‌మని చప్పుడొస్తుంది. దీనికి జర్మన్ కంపెనీ సాక్స్ వాళ్ల నివోమాట్ చాలా మంచి పరిష్కారం. బరువేసినా వెనకభాగాన్ని తనంతట తానే మామూలు ఎత్తుకు తెస్తుంది, అదే లెవల్ పట్టడం. కంప్రెసర్ లేదు, సెన్సార్ లేదు, వైరు లేదు. చూడటానికి కాస్త లావుపాటి షాక్ అబ్జార్బర్, అంతే. వోల్వో వీ70, మొదటి తరం ఎక్స్‌సీ90 లాంటి కార్లలో ఇవి వచ్చాయి.

పనిచేసే తీరు తెలిస్తేనే పరీక్ష సరిగ్గా చేయగలం. రోడ్డు మీద చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడల్లా లోపలి కడ్డీ సైకిల్ పంపులా పనిచేసి, తక్కువ ప్రెషర్ గదిలోని నూనెను ఎక్కువ ప్రెషర్ గదిలోకి తోస్తుంది. లోపలి గ్యాస్ నొక్కుకుపోయి కారు వెనకభాగాన్ని పైకి లేపుతుంది. ఎత్తు సరిపోగానే ఒక చిన్న రంధ్రం తెరుచుకుని, నూనె తిరిగి మొదటి గదిలోకి వెళ్లిపోతుంది. కాబట్టి నిలబెట్టిన కారులో బరువు వేసి, లేవలేదు కాబట్టి పోయిందనేయడం తప్పు. కదలనిదే ఇది లేవదు. బాగున్న జతను పోయిందనుకుని మార్చేసేది ఇలాగే.

సరైన పరీక్షకు కావలసినవి చదునైన నేల, ఒక టేపు, కొంత బరువు. ముందు నాలుగు టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉందో లేదో చూడండి. ఖాళీ కారును నాలుగైదు మీటర్లు ముందుకీ వెనక్కీ కదిపి, వెనక బంపర్ దగ్గర రెండు మూడుసార్లు నొక్కి వదలండి. బుష్‌లలో, అంటే సస్పెన్షన్ కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కల్లో, పట్టుకున్న బిగువు వదులుతుంది. ఇప్పుడు వెనక చక్రం నడిమధ్య నుంచి దాని పైన ఉన్న ఆర్చ్ అంచు వరకు నిటారుగా కొలిచి, రెండు వైపులా రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి తేడా కూడా లెక్కలో కలిసిపోతాయి.

ఆ తర్వాత వెనక సీట్లో ఇద్దరు పెద్దవాళ్లు, డిక్కీలో సుమారు 100 కిలోలు. ఈ బరువు వెనక ఇరుసుకు కంపెనీ పెట్టిన పరిమితి దాటకూడదు. వెంటనే మళ్లీ కొలవండి. కొన్ని సెంటీమీటర్లు కుంగి ఉంటుంది, అది తప్పు కాదు. అదే బరువుతో మామూలు ఎగుడుదిగుడు రోడ్డు మీద ఓ ఐదు కిలోమీటర్లు నడిపి, అదే చోటికి తెచ్చి, బ్రేకు గట్టిగా తొక్కకుండా మెల్లగా ఆపి కొలవండి. నున్నటి హైవే మీద చక్రం పెద్దగా ఆడదు కనుక లెవల్ రావడానికి ఎక్కువ దూరం పడుతుంది. కుంగినదంతా దాదాపు తిరిగొచ్చి, రెండు వైపులా కొలత దగ్గర దగ్గరగా ఉంటే జత బాగున్నట్టే. కచ్చితమైన ఎత్తు ఎంత ఉండాలన్నది ఆ మోడల్ సర్వీస్ పుస్తకంలోనే చూడాలి.

ఇంకో మెట్టు ఉంది, చాలామంది వదిలేస్తారు. బరువు దించేయగానే కారు వెనకభాగం ముందు మామూలు కన్నా ఎత్తుగా లేచి, తర్వాత మళ్లీ పాత ఎత్తుకు దిగాలి. లోపల నూనె నిజంగా పంపు అయిందనడానికి ఇది మంచి గుర్తు.

లెవల్ రాకపోతే వెంటనే నివోమాట్‌ను అనుమానించకండి. ముందు కాయిల్ స్ప్రింగు కింది చివర చూడండి. అక్కడ తుప్పుపట్టి ముక్క విరిగితే ఆ వైపు కారు వంగుతుంది. స్ప్రింగు బాగుంటే అప్పుడు షాక్ ఒంటి మీద నూనె చూడండి. పల్చటి తడి పర్వాలేదు. కిందికి జారిన చారలు, దుమ్ము అంటుకున్న జిడ్డు ఉంటే సీలు పోయింది, రెండు వైపుల షాక్‌లూ కలిపి మార్చాల్సిందే. లోపల గ్యాస్ చాలా ప్రెషర్‌తో ఉంటుంది. పాతదాన్ని కోయడం, వేడిచేయడం, డ్రిల్ పెట్టడం ప్రాణాపాయం.

దీని అసలు లోపం ధర. మామూలు షాక్ అబ్జార్బర్ల కన్నా చాలా ఎక్కువ. అందుకని మామూలువి బిగించేవాళ్లున్నారు, గొడవ అక్కడే మొదలవుతుంది. నివోమాట్ కారు బరువులో కొంత తానే మోస్తుంది, ఆ లెక్కతోనే వెనక స్ప్రింగులు మెత్తగా ఇస్తారు. షాక్ ఒక్కటే మార్చి ఆ స్ప్రింగులే ఉంచితే ఖాళీ కారు కూడా కిందికి కూర్చుంటుంది, బరువేస్తే బంప్ స్టాప్ (సస్పెన్షన్ పూర్తిగా కుంగినప్పుడు తగిలే రబ్బరు దిమ్మ) మీదే నడుస్తుంది. మామూలువే కావాలంటే ఆ మోడల్‌కు నివోమాట్ లేకుండా వచ్చే స్ప్రింగులు కూడా కలిపి వేయాలి. ఎప్పుడో గానీ బరువు వేయని కారుకు అది సరైన దారే. ట్రైలర్ లాగేవాళ్లు, తరచూ నిండు కారుతో తిరిగేవాళ్లు మాత్రం ఖర్చైనా నివోమాట్ వదులుకోకూడదు.

గాలి బెలోలు, అంటే స్ప్రింగు బదులు గాలి నింపిన రబ్బరు సంచులు, ఉన్న కార్లలో ఈ పరీక్ష వేరు. అక్కడ లేపేది కంప్రెసర్ కనుక, బరువేసి ఇంజిన్ ఆన్ చేస్తే నిలబడ్డచోటే లేవాలి. రాత్రంతా ఆపిన కారు పొద్దున ఒక పక్కకు దిగిపోయి ఉంటే బెలో మడతల్లోనో, పైపు జాయింట్ దగ్గరో గాలి పోతోంది. సబ్బు నీళ్లు పూస్తే బుడగలొస్తాయి. దాన్ని పట్టించుకోకపోతే కంప్రెసర్ పదేపదే తిరిగి కాలిపోతుంది. కొత్త కంప్రెసర్ వేసినా, లీకు అలాగే ఉంటే అదీ అదే దారి పడుతుంది. జాకీ పెట్టేముందు లెవలింగ్ ఆపేయండి, స్టాండ్లు లేకుండా చక్రం ఆర్చ్ కింద చేయి పెట్టకండి.

కొత్త నివోమాట్ వేయించేటప్పుడు మెకానిక్‌కు ఒక మాట చెప్పండి: రబ్బరు బుష్ ఉన్న బోల్టులను కారు గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాల మీద మామూలు ఎత్తులో నిలబెట్టాకే చివరి బిగింపు ఇవ్వాలి. లేకపోతే బుష్ ఎప్పుడూ మెలితిరిగి ఉండి త్వరగా చిరుగుతుంది. బిగించగానే కారు కాస్త కిందికి ఉన్నట్టు కనిపించినా కంగారు పడొద్దు, కొన్ని కిలోమీటర్లు నడిపాకే కొలవండి.