చలిదేశంలో కూర్చుని మన ఎండాకాలం బొమ్మ వేయాలంటే వాటర్ కలరా, అక్రిలిక్కా, గువాషా?

నవంబర్ వచ్చిందంటే చాలు, మా ఊళ్ళ పిల్లలు, అదే ఇప్పుడు అమెరికాలో మినియాపొలిస్‌లోనూ కెనడాలో ఎడ్మంటన్‌లోనూ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు, అందరూ ఒకటే అడుగుతారు, "పిన్నిగారూ, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతోందండీ, ఏం తోచట్లేదు, మన ఊరి ఎండ బొమ్మలు వేసుకుందామనుంది, ఏ రంగులు కొనమంటారు" అని. ఒక్కొక్కళ్ళకీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా. కిందటి చలికాలం నేనూ ఎడ్మంటన్‌లో మా అబ్బాయి దగ్గర ఉండొచ్చాను, అక్కడ డిసెంబర్లో పగలు దాదాపు 7 గంటల 30 నిమిషాలే, అదే రోజు మన అమలాపురంలో 11 గంటలు ఉంటది, కాబట్టి ఆ దిగులేంటో నాకూ తెలుసు.

ముందు ఒక్కమాట. మంచం దిగబుద్ధి కానంత దిగులైతే రంగుల సంగతి తర్వాత, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. 1984లో నార్మన్ రోసెంథాల్ అనే డాక్టరూ ఆయనతో పనిచేసినవాళ్ళూ దానికి సీజనల్ ఎఫెక్టివ్ డిజార్డర్ అని పేరు పెట్టారు, పొద్దున్నే 10,000 లక్స్ లైట్ బాక్స్ ముందు ఓ అరగంట కూర్చోమంటారు. బొమ్మలు దానికి తోడే గానీ బదులు కాదు.

సరే, వాటర్ కలర్. ఇక్కడ మా అరుగు మీద కూర్చుని నేను వేసేది ఇదే, నాకు ప్రాణం కూడా ఇదే. డాబా మీద తెల్ల పంచె పరిచి మాగాయ ముక్కలు ఎండబెడతాం చూడండి, ఆ పంచె తెలుపు ఏ ట్యూబులోంచీ రాదు, పేపర్‌ని అలా ముట్టుకోకుండా వదిలేస్తేనే వస్తది, ముక్కల కింద సన్నగా నీలం నీడ పెడితే చాలు ఎండ చురుక్కుమంటది. రాజమండ్రి వెళ్తే దామెర్ల రామారావు గారి గ్యాలరీకి వెళ్ళండి, పాపం 28 నిండకుండానే 1925లో పోయారు, ఆయన బొమ్మల ముందు నిలబడితే నీటిరంగు ఎందుకు వదల్లేమో తెలుస్తది. కానీ మీ చలిదేశంలో హీటర్ వేసిన ఇంట్లో గాలి ఎంత పొడిగా ఉంటదంటే వాష్, అదే నీళ్ళగా పరిచే రంగు పొర, సగం పరిచేలోపు పైన ఆరిపోయి గీత పడిపోతది. ఇక్కడ శ్రావణంలో ముసురు పట్టినప్పుడు అదే వాష్ గంటైనా ఆరదు, పేపర్‌కి బూజు కూడా పడుతుంది. అదే రంగు, అదే చెయ్యి, వాతావరణం మారితే మొత్తం మారిపోద్ది.

అక్రిలిక్, అదే నీళ్ళతో కలిపినా ఆరాక ప్లాస్టిక్‌లా గట్టిపడే రంగు, దాని గురించి చెడ్డగా ఏం చెప్పను. ఇంగ్లాండ్ నుంచి కాలిఫోర్నియా వెళ్ళిన చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 1960ల్లో అక్కడి స్విమ్మింగ్ పూల్స్‌నీ ఆ ఎండనీ అక్రిలిక్‌లోనే వేశాడు, ఫ్లాట్‌గా మెరిసే ఎండకి అది బ్రహ్మాండంగా సరిపోద్ది. వాసన తక్కువ, కాన్వాస్ మీద వేసి అద్దం లేకుండా గోడకి తగిలించేయొచ్చు. చిక్కల్లా ఏంటంటే ఆ పొడి గాలికి పాలెట్ మీద రంగు చూస్తుండగానే ప్లాస్టిక్ అయిపోతది, ఫోనొచ్చి లేచారంటే బ్రష్షు కూడా పోయినట్టే. గరాజ్‌లో వేసుకుంటామనేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, 10 డిగ్రీల లోపు చలిలో అది సరిగ్గా పొర కట్టదు. కొరియర్ వాడు మైనస్ ఇరవైలో గుమ్మం బయట పార్సిల్ వదిలేసి పోతే ట్యూబ్ లోపల గడ్డకట్టి, తర్వాత విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా బయటికొస్తది.

ఆయిల్ వద్దు. కిటికీలు నాలుగు నెలలు బిగించి ఉండే ఇంట్లో టర్పెంటైన్ వాసన ఎవరు భరిస్తారు. ఆయిల్ పేస్టల్స్ పిల్లలుంటే కొనండి. ఐప్యాడ్ అంటారా, పొద్దుటినుంచి స్క్రీనే చూసి సాయంత్రం మళ్ళీ స్క్రీనా!

ఇక గువాష్, అంటే కింది రంగుని కప్పేసే చిక్కటి నీటిరంగు. నా లెక్కలో తేల్చేది ఒక్కటే, బొమ్మలో ఎండని ఎప్పుడు పెడతాం అన్నది. వాటర్ కలర్లో ఎండని మొదటి నిమిషం నుంచీ కాపాడుకోవాలి, ఎక్కడ తెలుపు వదలాలో ముందే అనుకోవాలి, ఒక్క చుక్క పడితే పోయింది. ఆఫీసు నుంచి చీకట్లో మంచు తొక్కుకుంటూ వచ్చినవాళ్ళకి అంత జాగ్రత్త ఎక్కడిది? గువాష్‌లో అలా కాదు, ముందు నీడలన్నీ వేసేసుకోవచ్చు, పెంకుటింటి చూరు కింద చీకటి, కట్టేసిన కాలవలో ఎండిన మన్ను, కొబ్బరాకుల నీలినీడలు, అన్నీ అయ్యాక చివర్లో దాళ్వా కోసిన చేల మీదా గడ్డిమేటు మీదా ముద్దగా పసుపు పెట్టారంటే అప్పుడు వెలుగొస్తది. ఆ ఆఖరి పది నిమిషాల కోసమే ఇదంతా, చీకటి గదిలో మన చేత్తో మనం ఎండ పెట్టడం. అక్రిలిక్‌లో కూడా ఇది కుదురుతుంది, కాదన్ను, కానీ గువాష్‌లో మిగిలిన రంగు ఆరిపోయినా మర్నాడు రెండు చుక్కల నీళ్ళేస్తే లేస్తది, మెరుపు ఉండదు కాబట్టి దీపం కింద కళ్ళల్లో కొట్టదు. ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ ఆఖరి రోజుల్లో చక్రాల కుర్చీలో ఉండి కాగితాలు కత్తిరించి చేసిన బొమ్మలున్నాయి కదా, ఆ కాగితాలకి పూయించింది గువాషే.

లోపాలు లేవని కాదు. ముదురు రంగులు ఆరాక తేలిపోతాయి, లేత రంగులు కాస్త ముదురుతాయి, పైన ఎక్కువ రుద్దితే కింది పొర లేచొస్తది, మరీ మందంగా పెడితే పగులుద్ది, గోడకి పెట్టాలంటే అద్దం తప్పదు.

ఏది కొన్నా సరే బల్బు మాత్రం మార్చండి. ఇళ్ళల్లో ఉండే 2700 కెల్విన్ పసుపు వెలుగు బల్బు కింద లేత పసుపూ తెలుపూ ఒకేలా కనబడతాయి, రాత్రి ముచ్చటగా ఉన్న బొమ్మ పొద్దున చూస్తే కామెర్లొచ్చినట్టు ఉంటది. 5000 కెల్విన్, సీఆర్ఐ (రంగుల్ని ఎంత సరిగ్గా చూపిస్తదో చెప్పే అంకె) 90 దాటినది చూసి కొనుక్కోండి.

గువాష్ ట్యూబులు ఆరు చాలు, లెమన్ యెల్లో, కాడ్మియం యెల్లో, వెర్మిలియన్, అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా, వైట్. ఎండ తగిలే చోట పసుపులో తెలుపు కలపొద్దు, చల్లారిపోతది. తెలుపంతా ఆకాశానికి, మన ఏప్రిల్ మధ్యాహ్నం ఆకాశం నీలంగా ఉండదమ్మా, పాలిపోయి ఉంటది, అందుకే ఆ ట్యూబ్ ఒక్కటీ పెద్దది తీసుకోండి, అన్నిటికంటే ముందు అదే అయిపోద్ది.