పదునుకు పద్దు: ఎట్లా కొలిస్తే మేలు, ఎట్లా వెల కడితే మేలు?

ఆగస్టులో ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే పరకాల వైపు రేగడిలో పత్తి ఎట్లాగో నిలబడుతుంది. పక్కనే ఎర్ర ఇసుక నేల చెలకలో అదే పత్తి వారం పది రోజులకే తల వాలుస్తుంది. రెండు చేన్ల మీదా పడింది ఒకటే వాన. తేడా అంతా నేల దాచుకున్న పదునులోనే, అంటే తడిలోనే ఉంది.

చెరువు నిండిందా, బోరు ఎంత పోస్తుంది అని అందరం అడుగుతాం. పదునును మాత్రం ఎవరూ పద్దులో రాయరు. ఐక్యరాజ్య సమితి 2012లో ఆమోదించిన పర్యావరణ ఆర్థిక లెక్కల పద్ధతిలో దానికీ చోటుంది. ఉపరితల జలం, భూగర్భ జలం తర్వాత నేలలోని నీరు మూడో ఖాతా. వానకు పండే పంట తాగిన నీటిని కూడా వ్యవసాయం ఆ ఖాతాలోంచి తోడుకున్నట్టే రాస్తారు.

కొలతకు అన్నింటికన్నా పాత దారి తూకం. మట్టి తీసి తూచాలి, 105 డిగ్రీల వేడిలో ఒక రోజు ఆరబెట్టి మళ్ళీ తూచాలి. 115 గ్రాములది 100 గ్రాములైతే పదును 15 శాతం. చెలకలో పై అడుగు మందానికి ఇది ఎకరాకు రెండున్నర లక్షల లీటర్ల పైనే, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 50కి పైగా! కానీ ఇక్కడే ఒక చిక్కు. అదే 15 శాతం చెలకలో మొక్కకు పండుగ, రేగడిలో దప్పిక. రేగడిలోని బంకమట్టి నీటిని గట్టిగా పట్టుకుంటుంది, వేరుకు వదలదు. అందుకే మొత్తం తడిని కాదు, వేరు తాగగలిగిన తడిని రాయాలి. ఈ సంగతి వదిలేసిన లెక్క ఎంత నున్నగా ఉన్నా నేను నమ్మను.

సెన్సర్లు పాతితే రోజూ అంకెలు వస్తాయి కానీ ఎండకు రేగడి నెర్రెలిస్తే కడ్డీకీ మట్టికీ మధ్య గాలి చేరి రీడింగు తప్పుతుంది. ఉపగ్రహం సంగతి వేరు. 2015లో నాసా పంపిన స్మాప్ మబ్బుల్లోంచి కూడా చూస్తుంది. అయితే అది చూసేది పై 5 సెంటీమీటర్లే, దాని పటంలో ఒక్కో గడి పొడవూ వెడల్పూ దాదాపు 36 కిలోమీటర్లు. అంత గడిలో రేగడీ చెలకా కలిసిపోతాయి. జిల్లా పద్దుకు అది చాలు, చేనుకు చాలదు. ఊరి స్థాయికైతే నా ఓటు నీటి జమాఖర్చుకు: వానలోంచి పారింది, వేళ్ళకు అందని లోతుకు ఇంకింది, ఆవిరైంది తీసేసి, సీజన్‌లో మూడు నాలుగుసార్లు తూకంతో సరిచూసుకోవడం.

ఇక వెల. పంట రాబడిలోంచి విత్తనం, ఎరువు, కూలీ, సొంత కష్టం అన్నీ తీసేసి, మిగిలింది నేల, నీరు ఇచ్చిందనుకోవడం ఒక పద్ధతి. గులాబీ పురుగు పడ్డ ఏడు మిగిలేది సున్నా, ఒక్కోసారి అప్పు. అంతమాత్రాన పదును విలువ సున్నానా?

రెండోది బదులు ఖర్చు: ఈ పదును లేకుంటే తడి పెట్టడానికి ఎంతవుతుంది? వినడానికి బాగుంది. కానీ 2018 జనవరి 1 నుంచి మన తెలంగాణలో పొలాలకు 24 గంటల ఉచిత కరెంటు, అందుకే మోటారు ఖర్చు తక్కువగా కనిపిస్తుంది. ట్యాంకర్ రేటు వేద్దామంటే 50 ట్యాంకర్లు కొని ఎకరం పత్తి తడిపే రైతు ఎవడు? బదులు ఖర్చు చెల్లాలంటే జనం నిజంగా ఆ ఖర్చుకు సిద్ధపడాలి, అది అన్నింటిలోకీ చవకైన దారి కూడా అయి ఉండాలి.

అందుకే నాకు మూడోదే నచ్చుతుంది. ఒకే విత్తనం, ఒకే ఎరువు వేసి, పదునులో మాత్రమే తేడా ఉన్న రెండు చేన్లలో బెట్ట తర్వాత దిగుబడి తేడా ఎన్ని క్వింటాళ్ళో చూసి మార్కెట్ ధరతో గుణించడం. శ్రమ ఎక్కువే, పైగా వానలు సమంగా పడ్డ ఏడు తేడా కనపడదు. ఇంకో జాగ్రత్త: పత్తి విలువ ఇప్పటికే రాష్ట్ర ఆదాయంలో ఉంది. పదును విలువను అందులోంచి విడదీసి చూపాలి గానీ, పైన కలిపితే ఒకే పైసాను రెండుసార్లు లెక్కపెట్టినట్టే.

దీన్ని పరీక్షించడానికి మనకు మంచి అవకాశం ఉంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక మట్టిని రైతులు చెలకలకు తోలుకున్నారు. మట్టి పోసిన మడిలో, పోయని మడిలో బెట్ట మొదటి రోజు ఒకసారి, ఆఖరి రోజు ఒకసారి తూచి, చివర పత్తి ఏరాక ఆ రెండు కుప్పలనూ వేర్వేరుగా కాంటా పెడితే చాలు.