బ్రూసెల్లా జ్వరం: రోజ్ బెంగాల్, ట్యూబ్ టెస్టు, ఎలైజా, వీటిలో ఏది మేలు?

గొర్రెల కాపరి. మూడు వారాలుగా సాయంత్రం అయితే జ్వరం, రాత్రి పక్క తడిసిపోయేంత చెమట, నడుం పట్టేసింది. వైడాల్‌లో (టైఫాయిడ్ రక్తపరీక్ష) 1:80 వస్తే టైఫాయిడ్ మందులు వాడారు, తగ్గలేదు. ఇప్పుడు బ్రూసెల్లాకు (జీవాల నుంచి మనిషికి అంటుకునే బ్యాక్టీరియా జబ్బు) ఏ పరీక్ష రాయాలి? అనంతపురం, కర్నూలు, కడప వైపు డాక్టర్లూ ల్యాబ్ టెక్నీషియన్లూ మళ్లీ మళ్లీ అడిగేది ఇదే.

రోజ్ బెంగాల్, ట్యూబ్ టెస్టు, ఎలైజా మూడూ యాంటీబాడీనే, అంటే క్రిమిని ఎదుర్కోడానికి ఒంట్లో తయారయ్యే పదార్థాన్నే, పట్టుకుంటాయి. అయితే మన దగ్గర యాంటీబాడీ ఉందని తేలినంత మాత్రాన పని అయిపోదు. ఈసుకుపోయిన (గర్భం జారిన) గొర్రె మాయను ఒట్టి చేతులతో తీసేవాళ్లలో, పచ్చిపాలు తాగేవాళ్లలో పాత యాంటీబాడీ ఉండొచ్చు. ఇది ఇప్పటి జబ్బా, ఎప్పటిదో మచ్చా అని చెప్పగలిగే పరీక్షే మనకు పనికొస్తుంది. నా దృష్టిలో ఎంపికను తేల్చేది ఇదొక్కటే.

జబ్బు పట్టిన మొదటి వారం చివర ఐజీఎం అనే రకం యాంటీబాడీ వస్తుంది, రెండో వారం దాటాక ఐజీజీ అనే రకం పెరుగుతుంది. మందులు పనిచేస్తే ఐజీజీ మెల్లగా దిగుతుంది. దిగకుండా నిలిచినా, దిగి మళ్లీ లేచినా జబ్బు తిరగబెట్టిందేమో చూడాలి. ఐజీఎం మాత్రం నయమయ్యాక కూడా నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటి కనిపిస్తుంది.

మొదటి మెట్టుకు రోజ్ బెంగాల్‌ను మించింది లేదు. 30 మైక్రోలీటర్ల సీరం (రక్తంలోంచి తీసిన తేట ద్రవం), అంతే యాంటిజెన్ (చంపిన బ్రూసెల్లా క్రిముల ద్రావణం), నాలుగు నిమిషాలు ఊపడం, అంతే. గడ్డలు కడితే పాజిటివ్. ఫ్రిజ్‌లోంచి తీసిన యాంటిజెన్‌ను గది వేడికి రానివ్వకుండా వాడితే సన్న గడ్డలు కట్టవు. నాలుగు నిమిషాలు దాటి చూస్తే అంచులు ఆరి, లేని గడ్డలు ఉన్నట్టు కనిపిస్తాయి. యాంటిజెన్ పీహెచ్ 3.65 దగ్గర ఉంటుంది కాబట్టి అనవసరపు ఐజీఎం అంటుకోవడం తగ్గుతుంది. జీవాల సీరానికి మాత్రం కొలత వేరు: 75 మైక్రోలీటర్ల సీరానికి 25 యాంటిజెన్. అయితే రోజ్ బెంగాల్ పాజిటివ్ వచ్చిందని మందులు మొదలుపెట్టి ఊరుకుంటే కాపరుల విషయంలో పొరపడతాం.

అందుకే తర్వాతి మెట్టుకు నా ఓటు ట్యూబ్ టెస్టుకే. ఇందులో సీరాన్ని ట్యూబు ట్యూబుకూ సగం పలచన చేస్తూ పోతాం. మొదటి ట్యూబులో 0.8 మిల్లీలీటర్ల ఫీనాల్ సెలైన్ (ఫీనాల్ కలిపిన ఉప్పునీరు), మిగతావాటిలో 0.5 పోయాలి. మొదటిదానిలో 0.2 సీరం కలిపి, అక్కడినుంచి 0.5 చొప్పున ఒకదానిలోంచి ఇంకోదానిలోకి మార్చుకుంటూ పోయి, చివర మిగిలిన 0.5 పారబోయాలి. అన్నిటిలో 0.5 యాంటిజెన్ పోస్తే 1:10 నుంచి వరుస మొదలవుతుంది. 37 డిగ్రీల్లో 20 నుంచి 24 గంటలు ఉంచాలి. పోల్చడానికి 0.25 యాంటిజెన్, 0.75 ఫీనాల్ సెలైన్‌తో ఒక కంట్రోల్ ట్యూబు పెట్టాలి. దానంత తేటపడిన చివరి ట్యూబులోని పలచనే టైటర్. చూసేముందు ట్యూబు కదపకూడదు.

ఎక్కువగా తప్పు జరిగేది వరుస మధ్యలో ఆపేయడం వల్ల. యాంటీబాడీ మరీ ఎక్కువుంటే ముందు ట్యూబులు మబ్బుగానే ఉండి, 1:160 దాటాకే గడ్డకట్టొచ్చు. 1:80 దగ్గర ఆపితే జబ్బు ముదిరిన మనిషికి నెగటివ్ రిపోర్టు చేతిలో పెడతాం. కనీసం ఎనిమిది ట్యూబులు, 1:1280 దాకా వెళ్లాలి.

దీని పక్కనే ఇంకో వరుస పెట్టండి. ఫీనాల్ సెలైన్ బదులు 0.1 మోలార్ మెర్కాప్టోఇథనాల్ కలిపిన మామూలు సెలైన్ వాడాలి. అది ఐజీఎంను విరిచేస్తుంది, మిగిలి గడ్డకట్టేది ఐజీజీ. మొదటి వరుస 1:640, రెండోది 1:40 అయితే ఎక్కువ భాగం ఐజీఎం, జబ్బు కొత్తదే అయ్యుండొచ్చు. రెండూ 1:640 అయితే ఐజీజీ బలంగా ఉన్నట్టు, లక్షణాలు కూడా ఉంటే జబ్బు నడుస్తోందనే లెక్క. వాసన ఘాటు, ఫ్యూమ్ హుడ్ కింద కలపాలి.

1:160ను అనుమానపు గీతగా చూస్తారు. జీవాలతో మెలిగేవాళ్లలో 1:320 అయితే నమ్మకం ఎక్కువ. అంతకన్నా గట్టి సాక్ష్యం రెండు వారాల తర్వాత తీసిన రెండో సీరం. టైటర్ నాలుగు రెట్లు, అంటే రెండు ట్యూబులు పెరగాలి. ఒక్క ట్యూబు తేడా చేతివాటంలోనే వస్తుంది. మొదటి సీరాన్ని మైనస్ 20లో దాచి, రెండిటినీ ఒకేరోజు, ఒకే లాట్ యాంటిజెన్‌తో చేయాలి. లక్షణాలు గట్టిగా ఉంటే దీనికోసం మందులు ఆపొద్దు. కాకపోతే తొందరగా మొదలైన మందులు ఆ పెరుగుదలను అణచేయొచ్చని గుర్తుంచుకోండి.

ఎలైజా ఐజీఎం, ఐజీజీలను విడివిడిగా చూపుతుంది. జబ్బు పాతబడ్డప్పుడు, మెదడు నీటిని పరీక్షించేటప్పుడు అదే మేలు. కానీ నెలకు నాలుగు శాంపిళ్లు వచ్చే ల్యాబులో 96 గుంటల కిట్ తెరిస్తే ప్రతిసారీ కంట్రోళ్లకే గుంటలు పోతాయి, బ్యాచ్ నిండేదాకా ఆగితే రోగి ఆగాలి. ఐజీఎం ఒక్కటే పాజిటివ్ అయితే రుమటాయిడ్ ఫ్యాక్టర్ (ఐజీఎం పరీక్షను తప్పుగా పాజిటివ్ చేయగల వేరే యాంటీబాడీ) ఉందేమో కూడా చూడాలి.

యెర్సినియా ఓ:9 లాంటి బ్యాక్టీరియాతో ఈ మూడూ పొరబడగలవు. మామూలుగా గడ్డకట్టించని యాంటీబాడీని కూడా పట్టే కూంబ్స్ పరీక్ష పాతబడ్డ జబ్బులో అక్కరకొస్తుంది. బ్లడ్ కల్చర్‌లో (రక్తంలోంచి క్రిమిని పెంచి చూడడం) క్రిమి పెరిగితే తిరుగులేదు, కానీ వారాలు పట్టొచ్చు. దాన్ని పంపేటప్పుడు చీటీ మీద ‘బ్రూసెల్లా అనుమానం, జీవాలు కాస్తారు’ అని రాయండి, ఆ ప్లేటు మూత తెరిచే టెక్నీషియన్‌కు గాలిలోంచే అంటుకోగల జబ్బు ఇది.